పాఠకుల ప్రశ్నలు – జవాబులు: వేల్స్ చరిత్రలో మనుషులు, ఘట్టాలు

బ్రిటన్ రాజవంశాలపై గత సంచికలో వచ్చిన వ్యాసంలో వేల్స్‌కు రెండు వాక్యాలే దక్కాయని, అవి కూడా దానిని ఇంగ్లండ్‌లో ఒక మూలగా చూపాయని పలువురు పాఠకులు రాశారు. వారి అభ్యంతరం సబబైనదే. లండన్‌లో కూర్చుని రాసిన చరిత్రల్లో వేల్స్ తరచూ అధ్యాయం చివరి పేరాలో కనబడుతుంది. ఆ దేశపు జనం తమ గతాన్ని గుర్తుపెట్టుకునే తీరు మాత్రం పూర్తిగా వేరు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: వేల్స్‌కు ఎప్పుడైనా సొంత రాజు ఉన్నాడా? ఇంగ్లండ్ రాజు పెద్దకొడుకుకు ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’ అన్న బిరుదు ఎలా వచ్చింది?

జవాబు: సొంత రాజులు చాలామందే ఉన్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది. గ్వినెద్, పొవిస్, దెహైబార్థ్ వంటి రాజ్యాలు దేనికది వేరుగా ఉండేవి. తండ్రి ఆస్తి కొడుకులందరికీ సమంగా పంచాలన్న సంప్రదాయం వల్ల ఒక తరంలో కూడగట్టిన బలం మరుసటి తరంలో అన్నదమ్ముల తగాదాల్లో చెదిరిపోయేది. మొత్తం వేల్స్‌ను తన ఏలుబడిలోకి తెచ్చుకున్న రాజు గ్రిఫిద్ అప్ లెవెలిన్ ఒక్కడే. 1055లో మొదలైన ఆ ఏకఛత్రం 1063లో ఆయన చావుతో ముగిసింది.

రెండు శతాబ్దాల తరువాత గ్వినెద్ పాలకుడు లెవెలిన్ అప్ గ్రిఫిద్ మిగతా పాలకులను తన కిందికి తెచ్చుకున్నాడు. 1267 నాటి మాంట్‌గమరీ ఒప్పందంలో ఇంగ్లండ్ రాజు మూడవ హెన్రీ ఆయనను ‘వేల్స్ ప్రిన్స్’గా గుర్తించాడు. ఆ గుర్తింపుకు లెవెలిన్ చెల్లించవలసి వచ్చిన సొమ్ము 25,000 మార్కులు. హెన్రీ కొడుకు మొదటి ఎడ్వర్డ్ గద్దెనెక్కాక పరిస్థితి తిరగబడింది. 1277 యుద్ధంలో ఓడిన లెవెలిన్‌కు కాన్వీ నదికి పడమటనున్న భూభాగం మాత్రమే మిగిలింది. 1282 వసంతంలో ఆయన తమ్ముడు దావిద్ తిరుగుబాటు లేవదీశాడు. ఆ వేసవిలోనే లెవెలిన్ భార్య ఎలినార్ ఆడపిల్లను కని మరణించింది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పెకమ్ రాజీకి వచ్చి, గ్వినెద్‌ను వదులుకుంటే ఇంగ్లండ్‌లో ఏటా వెయ్యి పౌండ్ల రాబడి గల భూములు ఇప్పిస్తానన్నాడు. లెవెలిన్ ఒప్పుకోలేదు. తమ భాష, ఆచారం, చట్టం తెలియని పరాయివాడికి తాము లోబడబోమని అక్కడి ప్రజల తరఫున వెళ్లిన జవాబు నేటికీ వేల్స్‌లో చెప్పుకుంటారు. 1282 డిసెంబరు 11న కిల్‌మెరి దగ్గర, సొంత సైన్యానికి దూరంగా ఉన్న సమయంలో ఆయన హతుడయ్యాడు. శత్రువులు తలను లండన్‌కు తరలించి, ఐవీ తీగల కిరీటం చుట్టి ప్రదర్శనకు పెట్టారు.

ఆ తరువాత జరిగినది యుద్ధం కంటే క్రూరమైనదని నా అభిప్రాయం. తల్లీ తండ్రీ లేని ఆ పసిపాప గ్వెన్లియన్‌ను ఇంగ్లండ్ తూర్పు భాగంలోని సెంప్రింగమ్ క్రైస్తవ మఠానికి పంపారు. వంశం ముందుకు సాగకూడదన్నదే దాని ఉద్దేశం. 1337లో కన్నుమూసేదాకా, యాభై ఏళ్లకు పైగా, ఆమె ఆ గోడల మధ్యనే ఉండిపోయింది. దావిద్‌ను 1283లో ష్రూస్‌బరీలో చిత్రహింసలతో చంపి, చిన్నవాళ్లైన ఆయన ఇద్దరు కొడుకులను బ్రిస్టల్ కోటలో బంధించారు. వారిలో బతికి ఉన్న ఓవైన్‌ను రాత్రిపూట ఉంచడానికి ఇనుముతో బిగించిన కొయ్య బోను చేయించమని 1305లో ఎడ్వర్డ్ ఆజ్ఞ ఇచ్చాడు. పసితనంలో ఖైదైన మనిషి మీద, ఇరవై ఏళ్లు గడిచాక కూడా ఒక మహారాజుకు అంత భయం ఉండేదన్నమాట.

కార్నార్వన్‌లో పుట్టిన తన పసికందును ఎత్తి చూపి, ‘ఇంగ్లీషు ముక్క రాని ప్రిన్స్ ఇడుగో’ అని ఎడ్వర్డ్ ప్రజలను మురిపించాడన్న కథ చాలామంది విని ఉంటారు. అది పదహారో శతాబ్దంలో పుట్టిన కట్టుకథ. ఆ బిడ్డ 1284 ఏప్రిల్‌లో పుట్టేనాటికి అన్న అల్ఫాన్సో బతికే ఉన్నాడు, వారసుడు అతడే. బిరుదు ఇచ్చింది 1301లో. ఓడిన వంశం నుంచి తీసుకున్న బిరుదు కాబట్టే వేల్స్‌లో దానిపై ఇప్పటికీ అసంతృప్తి ఉంది.

ప్రశ్న: పదో శతాబ్దంలోనే వేల్స్‌లో స్త్రీలకు ఆస్తిలో వాటా ఇచ్చే చట్టం ఉండేదని చదివాను. నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే, కానీ హద్దులు తెలుసుకుని చెప్పుకోవాలి. దాదాపు 950లో మరణించిన రాజు హవెల్ ద దేశంలోని పెద్దలను విట్‌లండ్‌లో సమావేశపరచి చట్టాలను క్రోడీకరించాడని సంప్రదాయం చెబుతుంది. మనకు దొరికిన చట్ట గ్రంథాల ప్రతులు పదమూడో శతాబ్దం నుంచి మొదలవుతాయి కనుక, వాటిలో ఏది హవెల్ మాట, ఏది తరువాతి న్యాయవేత్తల చేర్పు అన్నది విడదీయడం కష్టం.

వివాహమై ఏడేళ్లు గడిచాక దంపతులు విడిపోతే ఇంటి సొత్తు సగం సగం పంచుకోవాలని ఆ గ్రంథాలు చెబుతాయి. ఆ పంపకం ఎంత వివరంగా ఉంటుందంటే, పందులు భర్తకు, గొర్రెలు భార్యకు, కోళ్లన్నీ భర్తకు, పిల్లుల్లో ఒకటి భర్తకు పోగా మిగిలినవి భార్యకు అని లెక్క రాసిపెట్టారు. పిల్లి వెల కూడా చట్టంలోనే ఉంది: కళ్లు తెరవకముందు ఒక పెన్నీ, ఎలుకను పట్టేదాకా రెండు, పట్టడం నేర్చాక నాలుగు. రైతు ఇంటి గాదెను ఎరిగినవాళ్లు రాసిన చట్టమని ఆ ఒక్క వాక్యం చాలు చెప్పడానికి. హత్య జరిగితే హంతకుడి బంధువర్గం హతుడి బంధువర్గానికి పరిహారం కట్టేది; పగ తరాల తరబడి సాగకుండా ఆపడం దీని వెనుక ఆలోచన. తండ్రి ఒప్పుకుంటే వివాహేతర సంతానానికీ వాటా దక్కేది. అయితే భూమి వారసత్వం మాత్రం సాధారణంగా మగవారికే. ఈ కాలపు సమానత్వాన్ని ఆ కాలంలో వెతకకూడదు గాని, సమకాలీన ఐరోపాలోని చాలా చట్టాలకంటే ఇవి మానవీయంగా ఉన్నాయనడంలో సందేహం లేదు.

ప్రశ్న: ఓవైన్ గ్లిన్‌డూర్‌ను వేల్స్ జాతీయ వీరుడంటారు. చివరికి ఓడిపోయిన మనిషికి అంత గౌరవం ఎందుకు?

జవాబు: ఆయన కోరినదేమిటో చూస్తే ఆ గౌరవానికి కారణం తెలుస్తుంది. గ్లిన్‌డూర్ మొదటినుంచీ తిరుగుబాటుదారుడు కాడు. లండన్‌లో న్యాయశాస్త్రం చదివి, ఇంగ్లండ్ రాజు తరఫున స్కాట్లండ్ దండయాత్రలో పాల్గొని, సిఖార్త్‌లో సుఖంగా బతుకుతున్న నడివయసు భూస్వామి. పక్క ఎస్టేటు ప్రభువు రెజినాల్డ్ గ్రేతో వచ్చిన తగాదాలో న్యాయం దక్కకపోవడంతో, 1400 సెప్టెంబరు 16న గ్లిన్‌దవర్‌ద్వి అనే చోట అనుచరులు ఆయనను వేల్స్ ప్రిన్స్‌గా ప్రకటించారు. రెండు రోజుల తరువాత గ్రే పట్టణమైన రిథిన్ తగలబడింది.

అది స్థానిక కక్షగానే ఆగిపోయి ఉండేదేమో. దేశమంతా అంటుకోవడానికి ఇంగ్లండ్ పార్లమెంటు తెచ్చిన శిక్షా శాసనాలు తోడ్పడ్డాయి. వెల్ష్‌వాళ్లు ఇంగ్లీషు పట్టణాల్లో భూమి కొనకూడదని, పదవులు చేపట్టకూడదని, వెల్ష్ స్త్రీని పెళ్లాడిన ఇంగ్లీషువాడికి కూడా పదవి దక్కదని నిషేధాలు విధించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్న వెల్ష్ విద్యార్థులు, ఇంగ్లండ్‌లో కూలి చేస్తున్నవారు పనులు వదిలి స్వదేశానికి వచ్చేశారు. 1401లో గుడ్‌ఫ్రైడే రోజున కాన్వీ కోట కాపలాదారులు చర్చిలో ఉండగా, గ్లిన్‌డూర్ బంధువుల మనిషి ఒకడు వడ్రంగినని చెప్పి లోపలికి చొరబడి తలుపు తీశాడు. ఎడ్వర్డ్ కట్టించిన మహా దుర్గం అంత తేలికగా చేజారింది. 1402 జూన్‌లో బ్రిన్ గ్లాస్ వద్ద గ్లిన్‌డూర్ పెద్ద విజయం సాధించి, బందీగా చిక్కిన ఇంగ్లీషు ప్రభువు ఎడ్మండ్ మార్టిమర్‌కు తన కూతురు కాత్రిన్‌నిచ్చి పెళ్లి చేశాడు. 1404లో హార్లెఖ్, అబెరిస్ట్‌విత్ కోటలు వశమయ్యాయి. మఖన్లెత్‌లో ఆయన పార్లమెంటు కొలువుదీరింది. ఫ్రాన్స్‌తో ఒప్పందం కుదిరింది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది 1406 మార్చిలో పెన్నల్ నుంచి ఆయన ఫ్రాన్స్ రాజు ఆరవ చార్లెస్‌కు పంపిన లేఖ. వేల్స్ చర్చి కాంటర్‌బరీ పెత్తనం నుంచి బయటపడాలని, సెయింట్ డేవిడ్స్ దానికి కేంద్రం కావాలని, ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి రెండు విశ్వవిద్యాలయాలు నెలకొల్పాలని అందులో ఉంది. కొండల్లో గెరిల్లా యుద్ధం సాగిస్తూ, సొంత ఇల్లు సిఖార్త్ తగలబడిపోయాక కూడా, విశ్వవిద్యాలయాల గురించి ఆలోచించిన నాయకుడు ఆయన. వేల్స్‌లో మొదటి విశ్వవిద్యాలయ కళాశాల 1872లో, సామాన్యులు చిల్లర నాణేలు పోగుచేసి ఇచ్చిన విరాళాల తోడ్పాటుతో అబెరిస్ట్‌విత్‌లో తెరుచుకునేసరికి ఆ లేఖకు 466 ఏళ్లు నిండాయి.

ఫ్రెంచి సాయం నిలకడగా అందలేదు. 1408లో అబెరిస్ట్‌విత్, 1409లో హార్లెఖ్ పడిపోయాయి. భార్యను, కూతుళ్లను లండన్ టవర్‌కు తరలించారు. 1415లో కొత్త రాజు ఐదవ హెన్రీ క్షమాభిక్ష పెడతానన్నా గ్లిన్‌డూర్ రాలేదు. ఆయన ఎక్కడ కన్నుమూశాడో, ఎక్కడ సమాధి అయ్యాడో ఎవరూ రూఢిగా చెప్పలేరు. తలకు వెల కట్టినా ఆయనను పట్టిచ్చినవాడు లేడు. పదిహేనేళ్ల యుద్ధంలో ఊళ్లు బూడిదై, ఆకలితో అలమటించిన జనం ఆ పని చేయకపోవడమే ఆయనకు దక్కిన పెద్ద గౌరవమని నేననుకుంటాను.

ప్రశ్న: ట్యూడర్ రాజులు వెల్ష్ వంశస్థులే కదా. వారి పాలనలో వేల్స్ బాగుపడిందా?

జవాబు: వంశం వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపానిదే. పెంబ్రోక్ కోటలో పుట్టిన హెన్రీ ట్యూడర్ 1485 ఆగస్టు 7న ఆ సమీపాననే పడవ దిగి, ఎర్ర డ్రాగన్ జెండాతో వేల్స్ గుండా సాగి, పదిహేను రోజుల్లో బాస్‌వర్త్ యుద్ధం గెలిచి రాజయ్యాడు. భూస్వాములకు, కొలువు కోరిన చదువుకున్నవారికి లండన్ దారి తెరుచుకుంది. కానీ ఆయన కొడుకు ఎనిమిదవ హెన్రీ కాలంలో, 1536, 1543 శాసనాలు వేల్స్‌ను ఇంగ్లండ్‌లో కలిపేసి, పాత వెల్ష్ చట్టాన్ని రద్దు చేసి, కోర్టుల్లో, పదవుల్లో ఇంగ్లీషు ఒక్కటే చెల్లుతుందన్నాయి. పార్లమెంటులో సీట్లు వచ్చాయి. న్యాయస్థానంలో సామాన్యుడి నోరు మూతపడింది.

ప్రశ్న: రాజ్యం లేదు, కోర్టులో చోటు లేదు. మరి వెల్ష్ భాష ఎలా బతికింది?

జవాబు: ముఖ్యంగా ఒక గ్రంథం వల్ల, ఆపైన ఊరూరా తిరిగిన బడుల వల్ల. ప్రొటెస్టంట్ మతం జనానికి చేరాలంటే వారి భాషలోనే చెప్పక తప్పదని గ్రహించిన ఎలిజబెత్ ప్రభుత్వం 1563లో బైబిలును వెల్ష్‌లోకి తేవాలని శాసనం చేసింది. 1567లో విలియమ్ సాల్స్‌బరీ చేతిమీదుగా కొత్త నిబంధన, 1588లో విలియమ్ మోర్గన్ అనే పల్లెటూరి చర్చి గురువు పూర్తి చేసిన సంపూర్ణ బైబిలు వెలువడ్డాయి. ఆస్థాన కవులు పెంచి పోషించిన భాషా సౌష్ఠవం మోర్గన్ వచనంలోకి ప్రవహించింది. యాస వేరైన ఉత్తర, దక్షిణ ప్రాంతాలకు ఒకే గ్రాంథిక రూపం దొరికింది. ఐరోపాలో రాజ్యం లేని ఎన్నో భాషలకు ఈ అదృష్టం పట్టలేదు.

చదవగలిగినవారు కొద్దిమందే ఉంటే ఆ గ్రంథం చర్చి బల్లకే పరిమితమయ్యేది. లాన్‌దౌరోర్ చర్చి గురువు గ్రిఫిత్ జోన్స్ 1731 ప్రాంతం నుంచి సంచార పాఠశాలలు నడిపాడు. పొలం పనులు తగ్గే చలికాలంలో ఉపాధ్యాయుడు ఒక ఊళ్లో మూడు నెలలు మకాం వేసి, పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు మాతృభాషలో చదవడం నేర్పి, పక్క ఊరికి కదిలేవాడు. 1761లో జోన్స్ మరణించేనాటికి అలాంటి బడులు మూడు వేలకు పైగా జరిగాయి.

అటువంటి జనాన్ని 1847లో వెల్ష్ రాని ముగ్గురు ఇంగ్లీషు న్యాయవాదులు పరిశీలించి, అజ్ఞానులని, నీతి తప్పినవారని నీలి అట్టల నివేదికలో రాశారు. ఆ అవమానాన్ని వేల్స్ ‘నీలి పుస్తకాల ద్రోహం’ అని పిలుచుకుంది. ఆ శతాబ్దంలో అనేక బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో ఒక కొయ్య ముక్క వేలాడదీసేవారు. మరో పిల్లవాడు వెల్ష్ మాట్లాడుతూ దొరికితే అది అతడి మెడకు మారేది. బడి విడిచే వేళకు ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. పిల్లల చేత పిల్లలనే పట్టించిన ఈ పద్ధతిని ప్రభుత్వ చట్టమేదీ విధించలేదు. బడులే పాటించాయి, తల్లిదండ్రులు సహించారు. అదే ఇందులో ఎక్కువగా నొప్పించే సంగతి.

ప్రశ్న: మగవాళ్లు ఆడవేషం వేసుకుని టోల్‌గేట్లు పగలగొట్టిన ఉద్యమం గురించి చెప్పగలరా?

జవాబు: అది రెబెకా ఉద్యమం. పశ్చిమ వేల్స్ నేలలో పులుపు ఎక్కువ కాబట్టి పంట పండాలంటే సున్నం తెచ్చి చల్లాలి. ఆ సున్నం బళ్లు దాటవలసిన దారుల్లో అడుగడుగునా ప్రైవేటు ట్రస్టుల గేట్లు వెలిశాయి. ధరలు పడిపోయి, కౌలు తగ్గక, చర్చికి కట్టే దశమభాగం డబ్బు రూపంలోకి మారిన కాలమది. 1839 మే 13 రాత్రి ఎవైల్‌వెన్ గేటును మొదటిసారి కూల్చారు. శత్రువుల గుమ్మాలు నీ సంతతి వశమవుతాయని బైబిలు ఆదికాండంలో రిబ్కాకు (ఇంగ్లీషులో రెబెకా) పలికిన దీవెన నుంచి ఉద్యమం పేరు పుట్టింది. ‘రెబెకా’ వేషంలోని నాయకుడు అవ్వలా తడుముకుంటూ వచ్చి, ‘ఇక్కడేదో అడ్డుంది, పిల్లలారా’ అంటే, ‘కూతుళ్లు’ గొడ్డళ్లతో దాన్ని నరికేవారు. 1843లో హెండీ గేటు దగ్గర ఒక వృద్ధ కాపలాదారు తుపాకీ గుండుకు బలైంది. ఉద్యమం మీద పడిన ఆ మచ్చను దాచకూడదు. మరుసటి ఏడాది ప్రభుత్వం ట్రస్టులను కౌంటీ బోర్డుల కిందికి తెచ్చి సుంకాలను సరిదిద్దింది.

ప్రశ్న: లెక్కల్లో వాడే సమాన చిహ్నం వేల్స్ నుంచి వచ్చిందంటారు, నిజమా?

జవాబు: నిజం. టెన్‌బీ పట్టణంలో పుట్టిన వైద్యుడు, గణితవేత్త రాబర్ట్ రికార్డ్ 1557లో దానిని ప్రవేశపెట్టాడు. రెండు సమాంతర గీతలకంటే సమానమైనవి వేరే ఉండవన్నది ఆయన ఇచ్చిన కారణం. మరుసటి ఏడాది ఆయన జైల్లో మరణించాడు. వృత్త పరిధికి, వ్యాసానికి గల నిష్పత్తికి ‘పై’ గుర్తును 1706లో తొలిసారి వాడిన విలియమ్ జోన్స్‌ది ఆంగ్లసీ ద్వీపం. 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ స్థాపించిన సర్ విలియమ్ జోన్స్, లండన్‌లో ఆయనకు పుట్టిన కొడుకే.

ప్రశ్న: బొగ్గు గనులు లేకుండా వేల్స్ చరిత్ర లేదంటారు. గని కార్మికుల బతుకు గురించి రాయండి.

జవాబు: 1913 అక్టోబరు 14న సెంగెనిద్ గనిలో పేలుడుకు 439 మంది కార్మికులు, సహాయానికి దిగిన మరొకరు మరణించారు. బ్రిటన్ గనుల్లో అంత పెద్ద ప్రమాదం మరొకటి లేదు. భద్రతా నిబంధనలు ఉల్లంఘించినందుకు మేనేజరుకు కోర్టు వేసిన జరిమానా 24 పౌండ్లు.

ఇటువంటి గనుల లోయల్లో ఒకటైన ట్రెడీగర్‌లో 1897లో పుట్టి, చిన్ననాడే గనిలో దిగినవాడు అనైరిన్ బెవన్. అక్కడి కార్మికులు వారం వారం కూలిలో కొంత తీసిపెట్టి వైద్య సహాయ సంఘం నడుపుకునేవారు; జబ్బు చేస్తే సభ్యుడి కుటుంబానికి డాక్టరు, మందు ఉచితం. ఆరోగ్య మంత్రిగా బెవన్ 1948 జూలై 5న ప్రారంభించిన జాతీయ ఆరోగ్య సేవకు ఆ సంఘమే నమూనా. కళ్లద్దాలకు, కట్టుడు పళ్లకు రుసుము పెట్టాలని సొంత ప్రభుత్వం నిర్ణయించినప్పుడు, 1951లో, ఆయన మంత్రి పదవి వదిలేశాడు.

1966 అక్టోబరు 21న అబర్‌వాన్‌లో జరిగినది ప్రమాదం అనడానికి నాకు మనసొప్పదు. జాతీయ బొగ్గు బోర్డు గని వ్యర్థాలను ఊరి మీది కొండపై, నీటి ఊటల మీదే పోసింది. పాంట్‌గ్లాస్ బడి వెనుక పోస్తున్న ఆ బురద ప్రమాదకరమని స్థానిక ఇంజినీరు మూడేళ్ల ముందే లేఖ రాశాడు. సెలవులకు ముందరి చివరి బడి రోజు ఉదయం తొమ్మిదింపావు వేళ ఏడో నంబరు గుట్ట జారి బడిని కప్పేసింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. మరణ విచారణలో అధికారి ఒక బిడ్డ మరణానికి వైద్య కారణాలు చదువుతుండగా, తండ్రి లేచి, బొగ్గు బోర్డు సజీవంగా పూడ్చేసిందని రాయమన్నాడు. విచారణ సంఘం బోర్డునే తప్పుపట్టినా ఒక్కరి ఉద్యోగమూ పోలేదు, ఎవరి మీదా కేసు లేదు. పైగా మిగిలిన గుట్టలను తొలగించే ఖర్చుకు, బాధితుల కోసం జనం పంపిన విరాళాల నిధి నుంచి 1,50,000 పౌండ్లు తీసుకున్నారు. ఆ సొమ్ము 1997లో వడ్డీ లేకుండా తిరిగి వచ్చింది. 2007లో వేల్స్ ప్రభుత్వం 15 లక్షల పౌండ్లు స్మారక నిధికి ఇచ్చింది.

ప్రశ్న: ‘ట్రవెరిన్‌ను మరవకండి’ అని ఒక పాత గోడ మీద రాసి ఉన్న ఫోటో చూశాను. దేని గురించి?

జవాబు: బాలా పట్టణానికి దగ్గరలోని ట్రవెరిన్ లోయలో కపెల్ కెలిన్ అనే చిన్న పల్లె ఉండేది. బడి, పోస్టాఫీసు, ప్రార్థనా మందిరం, శ్మశానం, కొన్ని పొలాలు. అందరి మాటా వెల్ష్. తమ నగర అవసరాలకు నీరు కావాలని లివర్‌పూల్ కార్పొరేషన్ ఆ లోయలో ఆనకట్ట కట్టదలచి, స్థానిక సంస్థల అనుమతితో పని లేకుండా నేరుగా పార్లమెంటులో ప్రైవేటు బిల్లు పెట్టించింది. 1956లో ఊరివాళ్లు పిల్లాపాపలతో లివర్‌పూల్ వీధుల్లో ఊరేగి మొరపెట్టుకున్నారు. వేల్స్ నుంచి ఎన్నికైన 36 మంది సభ్యుల్లో ఒక్కరూ అనుకూలంగా ఓటు వేయకపోయినా 1957లో బిల్లు నెగ్గింది. 1965లో ఊరు మునిగింది. ప్రారంభోత్సవాన్ని నిరసనకారులు సాగనివ్వలేదు. 2005లో లివర్‌పూల్ నగర మండలి క్షమాపణ చెప్పింది.

ఆ ఓటు లెక్కే వేల్స్ రాజకీయాలను మార్చింది. తమ ప్రతినిధులంతా వద్దన్నా తమ నేల మునిగిపోతుందంటే ఆ ప్రాతినిధ్యానికి అర్థమేమిటని జనం అడగసాగారు. 1962లో రచయిత సాండర్స్ లూయిస్ భాష భవిష్యత్తుపై చేసిన రేడియో ప్రసంగం యువకులను కదిలించగా, అదే ఏడు వెల్ష్ భాషా సంఘం ఏర్పడింది. 1966 జూలైలో గ్విన్వర్ ఎవన్స్ కార్మార్థెన్ ఉపఎన్నికలో గెలిచి వెల్ష్ జాతీయవాద పార్టీ ప్లైద్ కమ్రికి తొలి పార్లమెంటు సభ్యుడయ్యాడు. వెల్ష్ టెలివిజన్ చానల్ హామీని ప్రభుత్వం తప్పితే ఆమరణ నిరాహారదీక్ష చేస్తానని ఆయనే 1980లో ప్రకటించాడు. ప్రభుత్వం దిగివచ్చి, 1982 నవంబరులో చానల్ మొదలైంది.

దారి సూటిగా మాత్రం సాగలేదు. సొంత శాసనసభ కావాలా అని 1979లో అడిగినప్పుడు నలుగురిలో ముగ్గురికి మించి వద్దన్నారు. 1997 సెప్టెంబరు 18న మళ్లీ అడిగినప్పుడు రాత్రంతా వ్యతిరేక ఓట్లే ముందంజలో ఉన్నాయి. చిట్టచివరిగా వెల్లడైన కార్మార్థెన్‌షైర్ ఫలితం తక్కెడను శాసనసభ కావాలన్నవారి వైపు మొగ్గించింది. తేడా 6,721 ఓట్లు. 1999లో కొలువుదీరిన ఆ సభకు 2020 నుంచి సెనెద్ అన్నది అధికారిక నామం.